ఫిల్మ్‌నగర్ షెడ్డులో 'మూసుడు' పని

ఫిల్మ్‌నగర్ చూడాలని ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకి ముందుగా కనిపించేది హీరోలు కాదు, గోడలు. ఎత్తయిన గోడ, దాని మీద పాకిన తీగలు, వాటి వెనక చెట్లు, ఆ చెట్ల వెనక ఎక్కడో ఓ ఇల్లు. రోడ్డు మీద నల్లద్దాల కార్లు. షూటింగ్ ఉన్న రోజు ఏసీ మోత పెడుతూ వరసగా నిలబడ్డ కారవాన్లు. ఆ మధ్య ఖమ్మం నుంచి మా బాబాయి వస్తే బైక్ మీద రెండు గంటలు తిప్పాను. చివరికి ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. "ఏందిరా, ఇక్కడ అన్నీ మూసేసే ఉన్నయి!"

నేను ఇక్కడ అద్దెకుంటూ నాలుగేళ్లయింది. పొద్దున దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీదుగా హైటెక్ సిటీలో ఆఫీసుకి, రాత్రి అదే దారిలో వెనక్కి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు వైపు నుంచి వచ్చేవాళ్లకి ఫిల్మ్‌నగర్ అంటే ఫిల్మ్ ఛాంబర్, దైవ సన్నిధానం గుడి, కల్చరల్ సెంటర్, గుట్ట మీద రామానాయుడు స్టూడియో. మద్రాసు నుంచి తెలుగు సినిమా హైదరాబాద్‌కి తరలివచ్చాక ఈ రాళ్ల గుట్టలే దాని చిరునామా అయ్యాయి.

అయితే గుట్ట పైన ఒక ఫిల్మ్‌నగర్ ఉంటే, గుట్ట దిగువన ఇంకొకటి ఉంది. షేక్‌పేట వైపు దిగుతుంటే బస్తీలు మొదలవుతాయి. లైట్‌మెన్లు, డ్రైవర్లు, ప్రొడక్షన్ బాయ్స్, మేకప్ అసిస్టెంట్లు, వంటవాళ్లు ఉండేది ఇక్కడే. ఇరుకు రోడ్డుకి రెండు పక్కలా పంక్చర్ కొట్టు, వెల్డింగ్ షాపు, టీ బండి, సీటు కవర్లు కుట్టే దుకాణం. వాటి మధ్యలో రేకులు కప్పిన ఓ టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు. పైన తిరిగే కార్లకి దెబ్బ తగిలితే అన్నీ షోరూమ్‌కే పోవు. ఇన్సూరెన్స్ అయిపోయినవి, సినిమా కంపెనీల అద్దె కార్లు, నాలాంటి వాళ్ల పాత బండ్లు ఇలా కిందికి దిగుతాయి.

మా నాన్న పదకొండేళ్లు నడిపి నాకిచ్చిన తెల్ల కారు కుడి తలుపుని, ఆపి ఉంచిన చోటే ఓ వాటర్ ట్యాంకర్ గీకేసి పోయింది. అలా ఈ షెడ్డు మెట్లెక్కాను.

కొట్టుడు పావుగంటే

షెడ్డులో రంగు కొట్టేది మహబూబ్‌నగర్ వైపు మనిషి. నలభై దాటాయి. అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు. నేను అన్నా అనేవాణ్ని.

"ఎన్ని రోజులు పడుతుందన్నా?"

"రెండు రోజులు సార్."

"ఒక్క డోరుకే రెండు రోజులా?"

"కొట్టుడు పావుగంట సార్. గీకుడు, పుట్టీ పెట్టుడు, ఆరబెట్టుడు, మళ్ల గీకుడు, మూసుడు... గవ్విటికే రెండు రోజులు. రంగు ఎవడన్న కొడ్తడు. మూసుడే అసలు పని."

మూసుడు అంటే మాస్కింగ్. రంగు పడకూడని చోటంతా కప్పేయడం. శనివారం సెలవు కాబట్టి అక్కడే స్టూలేసుకుని కూర్చున్నా. తలుపు హ్యాండిల్ విప్పారు. అద్దం రబ్బరు అంచు కింద సన్నటి తాడు దూర్చి కొంచెం పైకి లేపారు. హెల్పర్ కుర్రాడు, డిగ్రీ మధ్యలో ఆపేసి వచ్చినవాడు, మాస్కింగ్ టేపు పళ్లతో కొరికి తెంపుతూ తలుపు చుట్టూ గీత గీసినట్టు అంటించాడు. ఆ తర్వాత పాత న్యూస్‌పేపర్లు. మా కారు ముందు అద్దం మీదికి ఓ సినిమా ప్రకటన వచ్చి పడింది. హీరో మొహం సగమే కనిపిస్తోంది. ఫిల్మ్‌నగర్‌లో నా కారుకి దక్కిన స్టార్ డమ్ అదే!

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాడిగా నాకిది బాగా అర్థమైంది. పది లైన్ల కోడ్ మార్చడం గంట పని. దానివల్ల మిగతాది పాడవకుండా చూసుకోవడానికి వారం పడుతుంది.

సగానికి పైగా గాల్లోకే

అసలింత కప్పడం ఎందుకు? స్ప్రే గన్ను నుంచి వచ్చే రంగంతా రేకు మీద పడదు. పాతకాలం గన్నులతో కొడితే దాదాపు మూడో వంతే తలుపుకి అంటుతుంది. మిగిలింది పొగమంచులా లేచి గాల్లో తిరుగుతుంది. హెచ్‌వీఎల్‌పీ అనే రకం గన్నులు వచ్చాక పరిస్థితి మెరుగైంది. వీటిలో గాలి ఎక్కువ, ఒత్తిడి తక్కువ. గన్ను మూతి దగ్గర 10 పీఎస్ఐ దాటదు. కనీసం 65 శాతం రంగు అంటాలన్నది ఈ గన్నులకి పెట్టిన కొలత. అంత మంచి గన్నుతో కొట్టినా మూడో వంతు గాలిపాలే. ఆ మంచు పోయి అద్దం మీద, టైరు మీద, పక్కన నిలబెట్టిన వేరే వాళ్ల కారు మీద గరుగ్గా కూర్చుంటుంది. దాన్నే ఓవర్‌స్ప్రే అంటారు. చేత్తో తడిమితే ఉప్పుకాగితంలా తగులుతుంది.

మాస్కింగ్ టేపు పుట్టిందే కార్ల షెడ్డులో. 1920ల్లో అమెరికాలో రెండు రంగుల కార్ల మోజు నడిచింది. ఒక రంగు కొట్టి, దాన్ని కాగితంతో కప్పి, రెండో రంగు కొట్టాలి. ఆ కాగితాన్ని గట్టి జిగురుతో అంటించేవాళ్లు. ఊడదీస్తే కింది రంగు కూడా లేచి వచ్చేసేది. త్రీఎం కంపెనీలో పనిచేసే రిచర్డ్ డ్రూ అనే యువకుడు ఉప్పుకాగితం నమూనాలు ఇవ్వడానికి అలాంటి షెడ్డుకి వెళ్లి పెయింటర్ల తిట్లు విన్నాడు. అంటుకోవాలి కానీ మారాం చెయ్యకుండా ఊడిరావాలి, అలాంటి టేపు చేస్తానని పట్టుబట్టి 1925లో చేసి చూపించాడు. మనం ఇళ్లలో వాడే పారదర్శక సెల్లో టేపు కూడా తర్వాత ఆయన చేతి మీదుగా వచ్చిందే.

టేపు వచ్చింది కానీ, టేపు మధ్యలో కప్పే కాగితం తంటా పోలేదు. న్యూస్‌పేపరు చవకే. కానీ దాని నూగు రేగి తడి రంగు మీద పడుతుంది. థిన్నర్ తగిలితే అచ్చు సిరా కరిగి కింది రంగుకి మరక అంటుకుంటుంది. రంగు ఎక్కువైతే కాగితం నానిపోయి లోపలికి దిగుతుంది. అందుకే ఉస్తాద్ ఎప్పుడూ రెండు మూడు పొరలు వేయిస్తాడు. ఇక టైర్లు, చక్రాల పైన లోపలి గుంత, ముందు జాలీ, ఇంజిన్ గది లాంటి చోట్ల కాగితం నిలవనే నిలవదు.

డబ్బాలో వచ్చిన కాగితం

నా కారు పక్కనే ఓ అద్దె ఇన్నోవా ఉంది. షూటింగులకి తిరిగేదట. దానికి సగం బండి రంగు పని. కాగితాలు తీయడానికి లేచిన కుర్రాణ్ని ఓనరు ఆపి, "దానికి ఆ డబ్బా కొట్టండి" అన్నాడు. పాలలాంటి ద్రవం ఉన్న ప్లాస్టిక్ డబ్బా. లిక్విడ్ మాస్కింగ్! నేను ఫోన్ పక్కన పెట్టి లేచాను.

ఇందులో ఉండేది నీళ్లలో కరిగే పాలిమర్. గన్నుతో కారంతా కొడితే నీరు ఆవిరై పల్చటి పొర మిగులుతుంది. రంగు మంచు ఆ పొర మీద పడుతుంది. పనయ్యాక నీళ్లు కొడితే పొరా, దాని మీది రంగూ కలిసి కొట్టుకుపోతాయి. పొర బండి సందుల్లోని దుమ్మును కూడా పట్టి ఉంచుతుంది కాబట్టి, రంగు కొట్టేటప్పుడు ఆ దుమ్ము లేచి తడి రంగు మీద వాలదు.

వినడానికి టేపూ కాగితమూ రెండూ అక్కర్లేదనిపిస్తుంది. ఉస్తాద్ చేతిపని చూస్తే అలా కాదని తెలిసింది. ముందు బండిని శుభ్రంగా కడిగి ఆరబెట్టారు. దుమ్ము మీద ఈ ద్రవం సరిగ్గా పరుచుకోదు. గీకుడు పనులన్నీ అయ్యాకే ఇది కొట్టాలి, లేకపోతే ఎమరీ పేపరుతో రుద్దే తడి గీకుడు నీళ్లకే పొర కరిగిపోతుంది. రంగు వేయాల్సిన భాగాన్ని మొత్తం ప్లాస్టిక్‌తో కప్పి, మిగతా బండికి ద్రవం కొట్టారు. అరగంట ఆరనిచ్చారు. ప్లాస్టిక్ తీసేశాక, రంగు వేసే భాగం చుట్టూ మాత్రం మామూలుగానే టేపు, జానెడున్నర వెడల్పు కాగితం అంటించారు. ద్రవానికి గీత గీసినట్టు అంచు రాదు. అంచు కావాలంటే టేపే దిక్కు.

"సార్, దీంట్ల ఒక్కటి యాదుంచుకోవాలె" అన్నాడు ఉస్తాద్. "ఇది బొట్టు గూడ రంగు ఏసే జాగల పడొద్దు. పడ్డదనుకో, దాని మీద రంగు పట్టదు. ఇయ్యాల బాగనే కనవడ్తది. నాలుగు నెల్లకి పొర లేసి పొట్టు ఊడ్తది. తిట్లు నాకు."

అందుకే రంగు వేసే భాగాన్ని తడిగుడ్డతో ఒకసారి, జిడ్డు తీసే ద్రావణంతో ఇంకోసారి తుడిచాకే గన్ను పట్టాడు.

ఈ కుటుంబంలోనే ఇంకో రకం ఉంది. నీళ్లతో కాకుండా, ఆరాక పాల మీగడలా చేత్తో ఒలిచేసేది. స్ప్రే బూత్ గోడలకి, అద్దాలకి అది వాడతారు. బైక్ ట్యాంకుల మీద మంటల బొమ్మలు వేసేవాళ్లు రబ్బరు పాలలాంటి ద్రవాన్ని కుంచెతో పూసి, ఆరాక బ్లేడుతో బొమ్మ అంచు కోసి, అవసరమైన ముక్క ఒలిచి అక్కడ రంగు ఊదుతారు.

మన వాతావరణం మాత్రం ఈ డబ్బాని పరీక్ష పెడుతుంది. రేకుల షెడ్డుకి మూడు వైపులే గోడలు. వానాకాలం గాల్లో తేమకి పొర ఆరదు, జల్లు కొడితే మొత్తం కారిపోతుంది. మేలో ఎండకి కాలే రేకు మీద కొడితే గట్టిపడిపోతుంది. రోజుల తరబడి వదిలేస్తే రుద్ది కడగాల్సి వస్తుంది. కడగడానికి నీళ్లు కావాలి. ఎండాకాలం ఈ గుట్టల మీద బోర్లు ఎండి ట్యాంకర్ల కోసం ఫోన్లు చేసుకునే రోజుల్లో ఒక బండి కడగడం కూడా లెక్కే. పైగా ఆ నీళ్లలో రంగు పొడి ఉంటుంది. అది నేరుగా మోరీలోకి పోకూడదు. ఓ చిన్న గుంతలో నిలబెడితే రంగు అడుక్కి దిగుతుంది. ఈ షెడ్డులో ఆ గుంత ఉంది. నిండిపోయి ఉంది.

అయినా లెక్క చూస్తే ఓనరు సంతోషంగానే ఉన్నాడు. గంటన్నర కాగితం పని అరగంటకి దిగింది. టైర్లు, చక్రాల గుంతలు శుభ్రంగా వస్తున్నాయి.

గుట్ట మీద కూడా ఇదే పని

మాస్కు అన్న మాట ఫిల్మ్‌నగర్‌కి కొత్తదేం కాదు. రామానాయుడు గారి సురేష్ ప్రొడక్షన్స్ మొదటి సినిమా 'రాముడు భీముడు' వచ్చింది 1964లో. ఎన్టీఆర్ ద్విపాత్రాభినయం. కంప్యూటర్ లేని ఆ కాలంలో ఒకే మనిషి ఫ్రేములో ఇద్దరుగా కనిపించాలంటే మాస్క్ షాటే ప్రధానమైన దారి. కెమెరా ముందు సగం మూసి, ఒక పాత్రని తీస్తారు. ఫిల్ము వెనక్కి తిప్పి, ఈసారి తీసిన సగాన్ని మూసి రెండో పాత్రని తీస్తారు. మధ్యలో కెమెరా వెంట్రుకవాసి కదిలినా, మూత కాస్త జరిగినా నడుమ గీత కనిపించి గుట్టు రట్టవుతుంది.

ఈ సంగతి చెబితే ఉస్తాద్ గన్ను కడుగుతూ నవ్వాడు. "మరి గదే గద సార్ మాది గూడ. అతుకు కనవడొద్దు."

నా తలుపు మీద అతుకు కనిపించలేదు. పదకొండేళ్ల ఎండకి పసుపు తిరిగిన తెలుపుకి సరిగ్గా అదే తెలుపు కలిపాడు. టేపు ఊడదీశాక ఎక్కడ ఆగిందో నేను వేలితో వెతికినా దొరకలేదు.

మూయనిది ఒక్కటే

బండి మొత్తం మూశారు. టైరు మూశారు, హారన్ జాలీ మూశారు, నంబరు ప్లేటు మూశారు. క్లియర్ కోట్ కొట్టే ముందు ఉస్తాద్ ఓ దస్తీ తీసి ముక్కుకి కట్టుకున్నాడు. అంతే. కుర్రాడికి అదీ లేదు, బనియన్ పైకి లాక్కున్నాడు.

పూర్వం కార్లకి ఎన్‌సీ పెయింటు వాడేవాళ్లు. అది థిన్నర్ ఎగిరిపోతే దానంతటదే ఆరిపోయేది. ఇప్పటి టూకే పెయింటులో హార్డెనర్ కలుపుతారు. అద్దంలా మెరిసే ఆ గట్టిదనం దానివల్లే. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. పనివల్ల వచ్చే ఆస్తమాకి పేరున్న కారణాల్లో ఇదొకటి. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, ఆ తర్వాత అతి కొద్దిగా పీల్చినా ఊపిరి పట్టేస్తుంది. వాసన చూసి జాగ్రత్త పడదామంటే కుదరదు. వాసన తెలియనంత తక్కువ ఉన్నా ప్రమాదమే. కొట్టడం ఆపాక కూడా కంటికి కనిపించని మంచు కాసేపు అక్కడే తిరుగుతుంది. దస్తీ, సర్జికల్ మాస్కు దాన్ని ఆపలేవు. విడిగా శుభ్రమైన గాలి పైపు ద్వారా అందించే మాస్కు ఉండాలి.

ఉస్తాద్‌కి దగ్గు ఉంది. సిగరెట్ తాగడు. అడిగితే మామూలుగా చెప్పాడు. "ఐతారం మంచిగనే ఉంటది సార్. సోమారం షెడ్డుకొస్తే సాయంత్రం సంది పడ్తది. రాత్రి పండుకోనియ్యదు. దసరాకి ఊరికి వోయి పది రోజులుంటే దగ్గే లేదు."

నేను డాక్టర్ని కాదు. కానీ సెలవు రోజు తగ్గి, పని రోజు పెరిగే దగ్గుని తేలిగ్గా తీసుకోకూడదని మాత్రం తెలుసు. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఇక్కణ్నుంచి ఎంతో దూరం లేదు, పోయి చూపించుకోమన్నా. ఆయన గన్ను పక్కన పెట్టి నా వైపు చూశాడు.

"పోవుడు పెద్ద పని కాదు సార్. పోతే ఆయన ఈ పని బంద్ జెయ్యమంటడు. కొడుకు ఇంటర్ సదువుతుండు. ఇరవై రెండేండ్ల సంది గన్ను దప్ప ఇంకోటి పట్టలే. ఏం జెయ్యాలె?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఓనరుతో మాట్లాడాను. చెడ్డవాడేం కాదు. కంప్రెసర్ ఎలాగూ ఉంది, దాన్నుంచే మాస్కుకి గాలి ఇవ్వొచ్చు కదా అన్నా. అలా నేరుగా ఇవ్వకూడదట, కంప్రెసర్ గాల్లో నూనె ఆవిరి, విషవాయువు ఉండే అవకాశం ఉంది కాబట్టి పీల్చే గాలికి వేరే ఫిల్టర్లు పెట్టాలట. ఆ మాట నిజమే. "లిక్విడ్ కొన్నానంటే టైం కలిసొస్తది. మాస్కు కొంటే ఏం కలిసొస్తది? కస్టమర్ బిల్లులో ఏస్తే ఊకుంటడా?" అని అడిగాడు. ఆ కస్టమర్ని నేనే కాబట్టి, వేయమన్నాను. ఆయన నవ్వేశాడు. కానీ మరుసటి వారం ఆ సెట్టు ధర కనుక్కుని నాకు ఫోన్ చేశాడు. కొంటానని ఇంకా అనలేదు.

ఉస్తాద్ ఎర్రగడ్డకి వెళ్లొచ్చాడు. గొట్టంలోకి ఊదే పరీక్ష చేశారట. పని రోజుల్లో, సెలవు రోజుల్లో పూట పూటకీ ఊది, అంకెలు రాసుకుని తెమ్మన్నారట. ఆ కాగితం ఇప్పుడు షెడ్డులో రంగుల చార్టు పక్కన వేలాడుతోంది. అంకెలు రాసేది ఆ డిగ్రీ కుర్రాడే. పూర్తవ్వడానికి ఇంకా పది రోజులుంది.

మీ బండి ఇచ్చేటప్పుడు

మనం షెడ్డుకి వెళ్తే సాధారణంగా అడిగేవి రెండే: ఎంత అవుతుంది, ఎప్పుడిస్తారు. ఇంకో మూడు కూడా అడగండి.

ఒకటి, మాస్కింగ్ దేంతో చేస్తారు? న్యూస్‌పేపరా, మాస్కింగ్ పేపరా, లిక్విడా? లిక్విడ్ అయితే రంగు వేసే అంచుకి టేపు, కాగితం వేస్తున్నారో లేదో చూడండి.

రెండు, లిక్విడ్ ఎప్పుడు కడుగుతారు? రంగు గట్టిపడకముందు నీళ్లు కొడితే మరకలు పడతాయి. మరీ ఆలస్యమైతే పొర మొండికేస్తుంది. ఇంటికి తెచ్చాక చక్రాల గుంతల్లో, తలుపు మలుపుల్లో తెల్లటి చారలు కనిపిస్తే భయపడకండి. నీళ్లతో పోతాయి.

మూడు, రంగు కొట్టే మనిషి ముక్కుకి ఏం కట్టుకుంటాడు?

ఈ మూడోదానికి మాత్రం జవాబు చాలా చోట్ల వెంటనే రాదు. మీరేదో తనిఖీకి వచ్చారనుకుంటారు. అలాంటప్పుడు ఊరుకోకండి. సరైన మాస్కుకి అదనంగా ఎంత వేస్తారో మీరే అడగండి. బిల్లులో ఆ లైను మనం అడిగితేనే వస్తుంది.